వానకు లెక్క కట్టిన వాకర్: మెషీన్ లెర్నింగ్‌కు వందేళ్ల ముందు సిమ్లాలో ఏం జరిగింది?

ఏటా ఏప్రిల్ నెలలో భారత వాతావరణ శాఖ ఒక అంకె చెబుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం మొత్తం మీద సగటు వానలో ఎంత శాతం పడవచ్చన్నదే ఆ అంకె. విత్తనాల వ్యాపారుల నుంచి రిజర్వు బ్యాంకు దాకా దాని కోసం ఎదురుచూస్తారు. ఏడాది పొడవునా మన దేశంలో కురిసే వానలో దాదాపు ముప్పావు వంతు ఈ నాలుగు నెలల్లోనే పడుతుంది కాబట్టి ఆ ఎదురుచూపు సహజమే.

ఆ అంకెతో పాటే ఎల్‌నినో అన్న మాట కూడా వినిపిస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలో నీళ్లు వేడెక్కితే అనంతపురంలో వేరుశనగ ఎండిపోవచ్చన్న సంగతి ఇప్పుడు పత్రికలు చదివే వాళ్లందరికీ తెలుసు. ఎక్కడో ఉన్న సముద్రానికీ ఇక్కడి మెట్ట చేనుకూ మధ్య ఉన్న లంకెను అంకెల్లో పట్టుకునే దారి వేసిన వ్యక్తి గిల్బర్ట్ వాకర్. 1904 నుంచి 1924 వరకు ఆయన భారతదేశంలోని వాతావరణ అబ్జర్వేటరీలకు అధిపతి. ఆ కుర్చీలో కూర్చునే నాటికి ఆయనకు వాతావరణ శాస్త్రంలో అనుభవం లేదు. ఆయనకు తెలిసింది గణితం.

పాత రికార్డుల్లో సంబంధాలు వెతికి, వాటి ఆధారంగా రాబోయేదాన్ని అంచనా కట్టడం ఇవాళ మెషీన్ లెర్నింగ్ చేస్తున్న పని. కంప్యూటర్లు లేని కాలంలో వాకర్ కాగితం, పెన్సిలు, గుమాస్తాలతో దాదాపు అదే పని చేశారు. ఆ పద్ధతి ఎక్కడ మనల్ని మోసం చేస్తుందో కూడా ఆయన 1914లోనే రాసిపెట్టారు. ఆయన తయారు చేసిన సూత్రాలు కాలం చెల్లిపోయాయి. ఆ హెచ్చరికకు మాత్రం కాలం చెల్లలేదు.

కరువు అడిగిన ప్రశ్న

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధిపతి. మరుసటి ఏడాదే దక్కన్‌లో వానలు తప్పాయి. 1876-78 నాటి ఆ విపత్తును రాయలసీమలో ధాత కరువుగా చెప్పుకుంటారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. దక్షిణ భారతంలో లక్షల మంది ఆకలితో, అంటువ్యాధులతో చనిపోయారు.

ఆ చావులకు వాన ఒక్కటే కారణం కాదు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. సహాయ శిబిరాల్లో పనిచేసే కూలీలకు ఇచ్చే తిండిని ప్రభుత్వమే కోత పెట్టింది. అయినా, వాన తప్పుతుందని రెండు నెలల ముందు తెలిసినా ఏదో ఒకటి చేసే వీలుంటుంది కదా అన్న ప్రశ్న మిగిలింది. పాలకులకు ఇంకో లెక్క కూడా ఉంది. పంట పోతే శిస్తు పోతుంది, సహాయ పనులకు ఖర్చు పెరుగుతుంది. ఈ రెండు అవసరాలూ కలిసి రుతుపవనాల జోస్యాన్ని ప్రభుత్వ విధిగా మార్చాయి.

హిమాలయాల్లో మంచు ఎక్కువ పేరుకున్న ఏడాది మైదానాల్లో వాన తగ్గుతుందని బ్లాన్‌ఫోర్డ్ గమనించి 1884లో ప్రచురించారు. 1886 నుంచి ఏటా అంచనాలు ఇవ్వడం మొదలైంది. 1889లో ఆయన స్థానంలోకి వచ్చిన జాన్ ఎలియట్ ఇంకా విస్తారంగా వెళ్లారు. హిందూ మహాసముద్రం మీద గాలులు, మారిషస్, ఆస్ట్రేలియాల్లో వాయు పీడనం లాంటివి చేర్చారు. అంచనాలు పేజీలకు పేజీలు పెరిగాయి.

1899లో ఎలియట్ మంచి వానలే పడతాయన్నారు. ఆ ఏడాది చరిత్రలోనే అతి తీవ్రమైన అనావృష్టుల్లో ఒకటి వచ్చింది. పశ్చిమ, మధ్య భారతం కరువు పాలైంది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ప్రభుత్వం దీనికి కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, కొన్నేళ్ల పాటు వాన అంచనాలను బయటపెట్టకుండా రహస్య పత్రాలుగా ఉంచడం. ఎవరి పొలం మీద వాన పడాలో ఆ రైతుకు తప్ప, అధికారులకు మాత్రమే ఆ కాగితం అందేది.

ఎలియట్ పదవీ విరమణ చేశాక ఆ కుర్చీ ఒక గణిత పండితుడికి దక్కింది.

బూమరాంగ్ విసిరే గణిత పండితుడు

గిల్బర్ట్ థామస్ వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో, రాచ్‌డేల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఇంజనీరు. కుటుంబం తరవాత లండన్ పక్కనున్న క్రాయిడన్‌కు మారింది. సెయింట్ పాల్స్ స్కూల్లో చదివే రోజుల్లోనే గిరగిర తిరిగే గైరోస్కోపుల మీద ఆయనకు మోజు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరి, 1889లో గణిత పరీక్షలో అందరికంటే మొదట నిలిచి సీనియర్ రాంగ్లర్ అయ్యారు. ఆనాటి బ్రిటన్‌లో ఒక విద్యార్థికి దక్కగలిగిన అతి పెద్ద గౌరవాల్లో అదొకటి.

ఆ చదువు ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతింది. 1890 తరవాత వరసగా మూడు శీతాకాలాలు స్విట్జర్లాండ్‌లో గడపాల్సి వచ్చింది. అక్కడ మంచు మీద స్కేటింగ్ నేర్చుకున్నారు. ట్రినిటీలో ఫెలో అయ్యారు, పాఠాలు చెప్పారు. విద్యుదయస్కాంతత్వం మీద చేసిన పనికి ఆడమ్స్ బహుమతి అందుకున్నారు.

కేంబ్రిడ్జిలో ఆయనకు బూమరాంగ్ వాకర్ అని పేరు. ఆస్ట్రేలియా ఆదివాసులు వేటలో, ఆటలో వాడే ఆ వంకర కర్ర విసిరిన చోటికే ఎందుకు తిరిగి వస్తుందో ఆయన గణితంతో వివరించారు. నది ఒడ్డు మైదానంలో స్వయంగా విసిరి చూసేవారు. తరవాత సిమ్లాలో అన్నన్‌డేల్ మైదానంలోనూ ఆ అలవాటు మానలేదు. రెక్కలు ఆడించకుండా గంటల తరబడి గాలిలో తేలే గద్దలను, రాబందులను చూసి, వాటిని మోసే గాలి ప్రవాహాల గురించి రాశారు. వేణువు వాయించేవారు, దాని నిర్మాణాన్ని మెరుగుపరిచే పని కూడా చేశారు.

ఇవన్నీ వింతలుగా కనిపిస్తాయి గానీ, వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. కళ్ల ముందు కనిపించేదాన్ని కొలిచి, లెక్కలోకి తేవాలన్న పట్టుదల అది. భారతదేశంలో పదవి ఖాయమయ్యాక ఆయన యూరప్, అమెరికాల్లోని వాతావరణ కార్యాలయాలు తిరిగి చూశారు. 1904 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. అదే ఏడాది రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అప్పటికి ఆయన వయసు 35.

సిమ్లాలో లెక్కల గుమాస్తాలు

1905లో శాఖ ప్రధాన కార్యాలయం కలకత్తా నుంచి సిమ్లాకు మారింది. అక్కడ వాకర్ ముందున్నది ఎలియట్ వదిలి వెళ్లిన చిక్కే. రుతుపవనాలు ఎందుకు వస్తాయో స్థూలంగా తెలుసు. ఒక ఏడాది బాగా కురిసి, మరుసటి ఏడాది ఎందుకు మొహం చాటేస్తాయో చెప్పే భౌతిక సిద్ధాంతం మాత్రం లేదు. భూగోళమంతటి గాలి కదలికను సమీకరణాలతో సాధించే సాధనాలు ఆనాడు లేవు.

వాకర్ ఆ సిద్ధాంతం కోసం ఆగలేదు. కారణం తెలియకపోయినా ఫరవాలేదు, రికార్డులు ఏం చెబుతున్నాయో ముందు చూద్దామన్నది ఆయన తీసుకున్న దారి. 1890లలో కార్ల్ పియర్సన్ స్థిరపరిచిన సహసంబంధ గుణకం అప్పటికి కొత్త పనిముట్టు. రెండు వరసల అంకెలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో, కలిసి తగ్గుతాయో అది ఒక్క సంఖ్యలో చెబుతుంది. పూర్తిగా కలిసి నడిస్తే 1, పూర్తిగా ఎదురు నడిస్తే మైనస్ 1, ఏ సంబంధమూ లేకపోతే సున్నా.

సూత్రం చిన్నదే, చాకిరీ పెద్దది. ఒక చోటి ముప్పై నలభై ఏళ్ల పీడనం అంకెలు తీసుకోవాలి. ప్రతి అంకె సగటు నుంచి ఎంత తేడాలో ఉందో రాయాలి. భారతదేశపు వాన అంకెలకూ అదే పని చెయ్యాలి. జతలను గుణించాలి, వర్గాలు కట్టాలి, కూడాలి, భాగించాలి. అదంతా అయితే ఒక గుణకం వస్తుంది. ఇలాంటివి వందలు కావాలి. డార్విన్, మారిషస్, జాంజిబార్, కైరో, హొనొలులు, శాంటియాగో, బ్యూనస్ ఐరిస్ లాంటి చోట్ల పీడనం, వాన, ఉష్ణోగ్రత, చివరికి నైలు నది వరద కూడా లెక్కలోకి వచ్చాయి. ఒక కాలపు అంకెలను మూడు నెలలు, ఆరు నెలలు వెనక్కీ ముందుకూ జరిపి మళ్లీ లెక్క కట్టాలి. ఈ భారం మోసింది శాఖలోని భారతీయ గుమాస్తాలు. ఆ కాలంలో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. సిద్ధాంతానికి వాకర్ పేరు మిగిలింది. లెక్క కట్టిన వేళ్లకు పేర్లు లేవు.

ఈ శ్రమ నుంచి 1909 ప్రాంతంలో మొదటి సూత్రం వచ్చింది. హిమాలయాల మంచు, మారిషస్ పీడనం, దక్షిణ అమెరికా పీడనం, జాంజిబార్ వాన అనే నాలుగు అంశాలకు తగిన తూకం ఇచ్చి భారతదేశంలో వాన ఎంతో అంచనా కట్టే సమీకరణం అది. ఎలియట్ అంచనాల్లో అధికారి అనుభవం, ఊహ కలగలిసి ఉండేవి. వాకర్ పద్ధతిలో ఎవరు లెక్క కట్టినా ఒకటే జవాబు వస్తుంది. తప్పితే ఎంత తప్పిందో కూడా కొలవవచ్చు. తరవాత దేశమంతటికీ ఒకే అంకె అర్థం లేనిదని గుర్తించి, ద్వీపకల్పం, వాయవ్య భారతం, ఈశాన్య భారతం అంటూ విడదీసి వేర్వేరు సూత్రాలు కట్టారు.

మద్రాసులో మరో గుమాస్తా

1913 ఫిబ్రవరిలో వాకర్ మద్రాసు వచ్చారు. అక్కడి పోర్ట్ ట్రస్ట్ చైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన కార్యాలయంలో పనిచేసే ఒక గుమాస్తా రాసుకున్న గణిత ఫలితాలను ఆయనకు చూపించారు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్.

కేంబ్రిడ్జి నుంచి హార్డీ రామానుజన్‌కు మొదటి జవాబు రాసింది కూడా ఆ నెలలోనే. మద్రాసులో మాత్రం ఆ అంకెల విలువ తేల్చగల అధికారం ఉన్నవాళ్లు తక్కువ. ఆ గణిత శాఖ తన ప్రత్యేక రంగం కాదని వాకర్‌కు తెలుసు. అయినా కేంబ్రిడ్జి ఫెలోల పనికి తీసిపోని మేధ ఇందులో ఉందని గుర్తించి, రామానుజన్ పొట్టకూటి బెంగ లేకుండా కొన్నేళ్లు గణితానికే అంకితమయ్యేలా చూడాలని మద్రాసు విశ్వవిద్యాలయానికి వెంటనే లేఖ రాశారు. కొద్దివారాల్లోనే విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. మరుసటి ఏడాది రామానుజన్ ఇంగ్లండ్ ఓడ ఎక్కారు.

కొన్నేళ్ల తరవాత కలకత్తా భౌతికశాస్త్ర అధ్యాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు కూడా వాకర్ కొన్ని వాతావరణ సమస్యలను గణాంక పరిశీలన కోసం అప్పగించారు. మహలనోబిస్ 1920లలో కలకత్తాలోని అలీపూర్ అబ్జర్వేటరీలో పనిచేస్తూ వానలను, వరదలను గణాంకాలతో పరిశీలించారు. 1936లో ఆయన ప్రతిపాదించిన మహలనోబిస్ దూరం ఇవాళ మెషీన్ లెర్నింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

బొమ్మా బొరుసా?

వాకర్ జీవితంలో అతి ముఖ్యమైన పని బహుశా 1914 నాటి ఒక చిన్న పత్రం. దాని విషయం వాన కాదు, నమ్మకం.

వెయ్యి మంది తలా పదిసార్లు నాణెం ఎగరేస్తారనుకుందాం. వాళ్లలో కనీసం ఒకరికి పదికి పదిసార్లూ బొమ్మే పడే అవకాశం సగానికి పైనే ఉంటుంది. ఆ ఒక్కరినే వేదిక ఎక్కిస్తే ఆయన చేతిలో ఏదో మహిమ ఉందనిపిస్తుంది. మిగిలిన 999 మందిని చూపిస్తే ఆ మహిమ మాయమవుతుంది.

వాన అంచనాల్లోనూ జరిగేది ఇదే. వంద అంశాలను వానతో పోల్చి చూస్తే, వాటిలో ఏ ఒక్కదానికీ నిజమైన సంబంధం లేకపోయినా, యాదృచ్ఛికంగానే నాలుగైదు చాలా దగ్గరగా సరిపోయినట్టు కనిపిస్తాయి. పరిశోధకుడు ఆ నాలుగైదింటినే ప్రచురించి, మిగతా తొంభై అయిదింటి సంగతి మరిచిపోతే చదివేవాడికి అది శాస్త్రంలా కనిపిస్తుంది. అందుకే ఒక గుణకం ఎంత పెద్దదన్నది చాలదని వాకర్ చెప్పారు. ఎన్నింటిని వెతికి దాన్ని ఏరారో కూడా చెప్పాలి. వెతికినవి పెరిగే కొద్దీ నమ్మడానికి పెట్టుకునే గీత కూడా పైకి జరగాలి. ఆ గీత ఎంత పైకి జరగాలో లెక్క కట్టే పద్ధతిని ఆయన ఇచ్చారు.

ఆ కొలబద్దను ఆనాటి పెద్ద నమ్మకాల మీద కూడా ప్రయోగించారు. సూర్యుడి మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. వాటికీ భారతదేశ కరువులకూ సంబంధం ఉందని పేరున్న శాస్త్రవేత్తలే వాదించారు. వాకర్ 1915లో ఆ మచ్చలను వానతో, ఉష్ణోగ్రతతో, పీడనంతో పోల్చి చూశారు. దొరికిన సంబంధాలు బలహీనమైనవి, వాన జోస్యానికి పనికొచ్చేవి కావు. దేశంలో వానలు శాశ్వతంగా తగ్గిపోతున్నాయా అన్న ఆందోళన రేగినప్పుడు కూడా పాత రికార్డులు తిరగేసి, అవి మామూలు హెచ్చుతగ్గులే తప్ప శాశ్వత మార్పుకు ఆధారం లేదని 1910లో తేల్చారు.

ఈ జాగ్రత్త ఆయన మాటల్లోనూ కనిపిస్తుంది. సీజన్ మొత్తానికి చెప్పేదాన్ని జోస్యం అనడం ఆయనకు నచ్చేది కాదు. అంతకంటే మెత్తనైన, ఛాయామాత్రంగా కనిపించేదన్న అర్థం వచ్చే మాట ఎంచుకున్నారు. సూచన బలంగా ఉన్నప్పుడే చెప్పాలి, లేనప్పుడు ఊరుకోవాలన్నది ఆయన వైఖరి.

ఊగే సముద్రాలు

ఇంత వడపోత తరవాత కూడా కొన్ని సంబంధాలు నిలిచాయి. అవి భారతదేశం గురించి మాత్రమే కావు. పసిఫిక్ మీద పీడనం పెరిగినప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా హిందూ మహాసముద్రం మీద పీడనం తగ్గుతోంది. అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగుతోంది. వేల మైళ్ల పొడవున్న ఒక ఉయ్యాల బల్ల ఊగుతున్నట్టు ఉంది. 1923, 1924 నాటి పత్రాల్లో వాకర్ దీన్ని వివరించి సదరన్ ఆసిలేషన్, అంటే దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. ఉత్తర అట్లాంటిక్ మీద, ఉత్తర పసిఫిక్ మీద ఇలాంటివే మరో రెండింటినీ గుర్తించారు. భారతదేశపు వాన కోసం వెతుకుతూ వెళ్లిన మనిషికి ప్రపంచ వాతావరణపు చట్రం దొరికింది.

1924లో వాకర్ భారతదేశం విడిచి వెళ్లారు. అదే ఏడాది సర్ బిరుదు వచ్చింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో వాతావరణ శాస్త్ర ప్రొఫెసర్‌గా పదేళ్లు పనిచేశారు. 1931లో డార్విన్ రేవు పీడనం అంకెలను పరిశీలిస్తూ, ఒక వరసలోని ఇవాళ్టి విలువ నిన్న మొన్నటి విలువల మీద ఎంత ఆధారపడుతుందో లెక్క కట్టే పద్ధతిని విస్తరించారు. సూర్యుడి మచ్చల మీద ఉడ్నీ యూల్ 1927లో మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపు. యూల్-వాకర్ సమీకరణాలుగా పేరుపడిన వీటిని ఆర్థిక గణాంకాల నుంచి మాట ధ్వనుల విశ్లేషణ దాకా ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు.

వాన విషయంలో మాత్రం ఆశించినంత ఫలితం రాలేదు. ఆయన ఏరి పెట్టిన అంశాల్లో చాలావాటికి తరవాతి దశాబ్దాల్లో పట్టు తప్పింది. ఆయన కుర్చీని తరవాత అందుకున్న చార్లెస్ నార్మండ్ 1953లో ఇంకో చేదు సంగతి చెప్పారు. దక్షిణ డోలనాన్ని చూసి రుతుపవనాల గురించి చెప్పగలిగే దానికంటే, రుతుపవనాలను చూసి ఆ తరవాత ప్రపంచ వాతావరణం గురించి చెప్పగలిగేదే ఎక్కువని తేలింది. ఇది దేనివల్ల జరుగుతుందో చెప్పే భౌతిక కారణం లేకపోవడంతో చాలామంది వాతావరణ శాస్త్రవేత్తలు ఆ డోలనాలను అంకెల గారడీగానే చూశారు.

1958 నవంబర్ 4న, 90 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని సర్రేలో వాకర్ కన్నుమూశారు. ఆయన మీద వచ్చిన సంతాప వ్యాసంలోనూ ఆ ప్రయత్నం ప్రపంచ వాతావరణ సిద్ధాంతానికి దారి తీసేట్టు లేదన్న నిరుత్సాహం కనిపిస్తుంది.

పదకొండేళ్లకు ఆ కారణం దొరికింది. 1969లో జేకబ్ బ్యర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త పెరూ తీరపు ఎల్‌నినోనూ వాకర్ డోలనాన్నీ ఒకే కథలో రెండు భాగాలుగా చూపించారు. మామూలుగా ఇండోనేసియా దగ్గర వెచ్చటి సముద్రం మీద గాలి పైకి లేచి వాన కురిపిస్తుంది. పైన తూర్పుకు సాగి, దక్షిణ అమెరికా తీరం దగ్గర కిందికి దిగి, సముద్రం మీదుగా మళ్లీ పడమరకు వస్తుంది. వెచ్చటి నీళ్లు తూర్పుకు జరిగితే ఈ చక్రం మొత్తం జరుగుతుంది. అప్పుడు మన వైపు గాలి పైకి లేవడం బలహీనపడి వానలు తగ్గే అవకాశం పెరుగుతుంది. బ్యర్క్‌నెస్ ఆ చక్రానికి వాకర్ ప్రసరణ అని పేరు పెట్టారు.

రాడార్ చూసేది వాననా?

కథ అక్కడ సుఖాంతం కాలేదు. 1988 నుంచి భారత వాతావరణ శాఖ 16 అంశాలతో కట్టిన నమూనాను వాడింది. పదమూడు, పద్నాలుగేళ్లు అది బాగానే ఉన్నట్టనిపించింది. 2002లో మామూలు వానలే అని చెబితే, దేశం మొత్తం మీద 19 శాతం లోటు వచ్చింది. జులైలో పడాల్సిన దాంట్లో సగం వానే పడింది. అంతకు ముందు 1997లో దీనికి తిరగబడి, ఆ శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చినా రుతుపవనాలు మామూలుగానే కురిశాయి. నిజమైన సంబంధాలు కూడా కాలంతో పాటు బిగుసుకుంటాయి, సడలుతాయి.

ఇప్పుడు ఆ గుమాస్తాల స్థానంలో యంత్రాలు వచ్చాయి, కొత్త కళ్లు వచ్చాయి. 2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడితే, అదే నగరంలోని కొలాబాలో 80 మిల్లీమీటర్లు కూడా పడలేదు. అక్కడక్కడా పెట్టిన వానమాపకాలతో అలాంటి వానను పట్టుకోలేం. అందుకే మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై లాంటి చోట్ల డాప్లర్ రాడార్లు నిమిషాల వ్యవధిలో ఆకాశాన్ని చుట్టి చూస్తున్నాయి.

అయితే రాడార్ వానను కొలవదు. చినుకుల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. చినుకు అడ్డుకొలత రెట్టింపైతే ప్రతిధ్వని 64 రెట్లు పెరుగుతుంది. కొన్ని పెద్ద చినుకులు, బోలెడన్ని చిన్న చినుకులు ఒకేలా కనిపించవచ్చు, నేల మీద పడే నీళ్లు మాత్రం వేరు. 1948లో కెనడాలో మార్షల్, పామర్ చినుకుల పరిమాణాలు కొలిచి ఇచ్చిన గణాంక సంబంధం ప్రతిధ్వనిని మిల్లీమీటర్లలోకి మార్చడానికి ఆధారమైంది. అది కూడా వాకర్ తరహా సంబంధమే. అక్కడి చిరుజల్లులకు సరిపోయింది బంగాళాఖాతం తుపాను వానకు అచ్చంగా సరిపోవాలని లేదు.

మెషీన్ లెర్నింగ్ ఇక్కడే అడుగు పెట్టింది. 2021లో డీప్‌మైండ్, బ్రిటన్ వాతావరణ కార్యాలయ శాస్త్రవేత్తలు బ్రిటన్ రాడార్ చిత్రాలతో శిక్షణ ఇచ్చిన నమూనా, వచ్చే గంటన్నరలో వాన ఎటు కదులుతుందో చూపించింది. 50 మందికి పైగా అనుభవజ్ఞులైన వాతావరణ నిపుణులు దాన్ని పరీక్షించి, ఎక్కువ సందర్భాల్లో మిగతా పద్ధతుల కంటే మేలన్నారు. ఆ విజయానికి ఒక కారణం నేర్చుకోవడానికి లెక్కలేనన్ని చిత్రాలు ఉండటం. రాడార్ ఒక్క రోజులోనే వందకు పైగా చిత్రాలు ఇవ్వగలదు.

రుతుపవనాల సీజన్ అలా కాదు. ఏడాదికి ఒక్కటే వస్తుంది. 1871 నుంచి లెక్కపెట్టినా మన దగ్గర ఉన్నవి నూట యాభైకి కాస్త పైన వరసలు. సముద్రం, మంచు, గాలి, నేల తేమ నుంచి తీసుకోగల అంశాలు మాత్రం వేలల్లో ఉన్నాయి. వరసలు తక్కువగా, వెతికే అంశాలు ఎక్కువగా ఉన్న చోటే నాణెం మహిమ చూపిస్తుంది. సిమ్లా గుమాస్తాలు నెలల తరబడి వెతికేదాన్ని యంత్రం సెకన్లలో వెతుకుతుంది. అంతే వేగంగా లేని సంబంధాలను కూడా కనిపెట్టగలదు. చూసిన సంవత్సరాలకు అచ్చంగా సరిపోయి, చూడని సంవత్సరంలో బోల్తా పడే ఈ జబ్బును ఇప్పటి ఇంజనీర్లు ఓవర్‌ఫిట్టింగ్ అంటారు.

2025 వానాకాలానికి ముందు కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు, కృత్రిమ మేధ నమూనాలతో తయారు చేసిన రుతుపవనాల రాక అంచనాలను ఫోన్ సందేశాలుగా పంపింది. ఎలియట్ కాలంలో రహస్యంగా ఉంచిన కాగితం రైతు చేతికి చేరడం చిన్న మార్పు కాదు. కానీ ఆ సందేశాన్ని నమ్మి విత్తనం వేసే రైతు దగ్గర రెండోసారి విత్తనం కొనే డబ్బు ఉండకపోవచ్చు. అంచనా తప్పితే నష్టం నమూనా కట్టిన వాళ్లది కాదు.

కాబట్టి కొత్త నమూనా ఏది వచ్చినా అడగాల్సిన ప్రశ్నలు 1914 నాటివే. ఎన్ని అంశాలను వెతికి వీటిని ఏరారు? నమూనా ఎన్నడూ చూడని సంవత్సరాల మీద దాన్ని పరీక్షించారా? సూచన బలహీనంగా ఉన్న ఏడాది ఆ సంగతి రైతుకు చెప్పారా? ఈ మూడింటికీ జవాబు అంచనాతో పాటే ప్రకటించడానికి పెద్ద కంప్యూటర్లేమీ అక్కర్లేదు.